వాసన లేని నోరు

మా పేటలో మగవాళ్ళు పని నుంచి వస్తే గడప బయట ఓ క్షణం ఆగేవారు. ఇంట్లోంచి ఆడమనిషి వచ్చి, ఎదురుగా నిలబడి, "ఊదు" అనేది. ఊదితేగాని లోపలికి దారి ఉండేది కాదు. సారా వద్దని ఆడవాళ్ళంతా రోడ్డెక్కిన రోజుల్లో మా మల్కాపురం సందులో మొదలైన అలవాటు అది. సారా దుకాణం మూతపడ్డాక కూడా అది పోలేదు. పెళ్ళాలు మొగుళ్ళని ఊదమనేవారు, తల్లులు కొడుకుల్ని ఊదమనేవారు. మా పక్కింటి కోడలైతే మావగారిని కూడా వదిలేది కాదు. "ఓలమ్మా, నానేటి సంటిపిల్లోడినా?" అని ఆయన విసుక్కుంటూనే ఊదేవాడు. ఊది లోపలికెళ్ళి దర్జాగా అన్నం పెట్టమనేవాడు.

మా ఇంట్లో ఊదాల్సిన మనిషి అప్పటికే పోయాడు. నాన్న రేవులో ఖలాసీ. సారా తాగి తాగి కడుపు ఉబ్బి, నలభై దాటకుండానే వెళ్ళిపోయాడు. కానీ నాకు తెలిసిన నాన్న ఇంకొకడు కూడా ఉన్నాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. బడేమో రైలు గేటు అవతల. మోసుకెళ్ళే తీరిక ఎవరికీ లేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళబోయే ముందు, ఒంటి మీద తెలివి ఉన్న ఆ కాసేపట్లో, నాన్న బొగ్గుముక్కతో అరుగు మీద అక్షరాలు రాసి నాచేత దిద్దించాడు. అక్షరాలయ్యాక పొట్లాల కాగితాలు, పాత పంచాంగాలు, దేవుడి పాటలు. నేనీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పొద్దుల వల్లే. వాటికిగాను దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మిగతా రోజంతా ఎలా గడిచేదో ఆయనకీ తెలుసు కాబట్టి, అది విడిగా చెప్పుకోను.

నాన్న పోయాక ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న జట్టు మేస్త్రీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనా నాన్నా బావా బావా అనుకునేవారు, నేను మావా అనేదాన్ని.

"సెల్లీ, ఆ ఉద్యోగం పెద్దదానికి రాయించెయ్" అన్నాడు అమ్మతో. "గుంటకి సదువొచ్చు. ఆపీసులో కాయితాలందించే పనైనా ఇత్తారు. నాను మాటాడతాను."

"ఏటి మాటాడతన్నావన్నయ్యా? కొడుకుండగా కూతురికా? రేపు ఇది పెళ్ళి సేసుకుని పోతే నానూ నా కొడుకూ ఏటి తినాల?"

"కుర్రోడికింకా మీసాలే రానేదు కదమ్మా."

"వత్తాయి. నాను ఆగుతాను."

నా పెళ్ళి గురించి అమ్మ అంత నమ్మకంగా మాట్లాడడం అదే మొదలు, అదే చివర. అప్పటికి నాకు ఓటు హక్కు వచ్చింది. తమ్ముడు నిక్కర్లు వేసుకుంటున్నాడు. ఆఫీసువాళ్ళు కూడా, కుర్రాడు మేజరయ్యాక రండి అన్నారు. వాళ్ళకీ అదే సబబుగా తోచింది.

మావ వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. "అయితే ఆడు మందు ముట్టకుండా సూసుకో సెల్లీ. బావకైతే పాతోడని సాగిపోనాది. కొత్తోడు తాగొత్తే రేవులో ఒక్కరోజు ఉంచరు."

అంతే, ఆ రోజు నుంచి మా ఇంటి బతుకంతా వాడి నోటి మీద ఆధారపడింది. అమ్మ వాడి చేత నాన్న పటం మీద చెయ్యి వేయించి, మందు ముట్టనని ఒట్టు వేయించింది. తను రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళేది. నేను సందులో పిల్లలకి ఇంట్లోనే అక్షరాలు చెప్పేదాన్ని. సాయంత్రం వాడు రాగానే అమ్మ చేతులు చీర కొంగుకి తుడుచుకుని వచ్చి "ఊదు నాయనా" అనేది. వాడు ఊదేవాడు. వాడు ఎదుగుతున్నకొద్దీ అమ్మకి అందేలా వంగి మరీ ఊదేవాడు. "నా బంగారు తండ్రి" అని అమ్మ వాడి బుగ్గలు నిమిరేది. నేను లోపల దీపం పెట్టి, అందరికీ అన్నం దొరికినందుకు ఒక దండం, నా కాలు ఇంకా నడుస్తున్నందుకు ఒక దండం, తమ్ముడి నోట వాసన లేనందుకు ఒక దండం పెట్టుకునేదాన్ని.

వాడి ఒట్టు దొంగ ఒట్టు కాదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. వాడు మందు ముట్టలేదు.

కాలేజీలో చేరిన ఏడు వాడి చొక్కాకి కొత్త వాసన పట్టింది. ఎండుగడ్డి కాలిన వాసనలా ఉండేది. మా పేటలో గాలికే ఓ వాసన, ఆయిలు కంపెనీ వైపు నుంచి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, అందులో ఇదేమిటో చప్పున తెలియదు. నాకు మాత్రం తెలిసింది. శివరాత్రికి సముద్రస్నానానికి వెళ్తే ఒడ్డున బూడిద పూసుకుని కూర్చునే సాధువుల దగ్గర అదే వాసన వచ్చేది. చిన్నప్పుడు నాన్న భుజాల మీంచి ఆ వాసన పీల్చి, దేవుడి దగ్గర ఇలాగే ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని. అది మా ఇంట్లో దండెం మీద ఆరేసిన చొక్కాలోంచి వస్తోంది.

చొక్కా ఉతకబోతే జేబులో కాగితం పొట్లం దొరికింది. వాడు పెరట్లో కూర్చుని జంతికలు తింటున్నాడు. ఆ మధ్య ఆకలి బాగా పెరిగింది, నవ్వూ పెరిగింది, అమ్మ మురిసిపోయేది.

"ఏట్రా ఇది?" అన్నాను.

"ఆకు అప్పా." మా ఇళ్ళలో అక్కని అప్పా అంటారు. "ఇలాగియ్యి."

"గంజాయి కాదూ?"

"పేరుకి గంజాయి. ఆకే కదా. కొండల్లో ములుస్తాది, తులసి లాగ. ఎవుడూ కాసలేదు, మరగబెట్టలేదు. సారాలో ఏవేవో కలుపుతారు, దీంట్లో ఏటి కలుపుతారు?"

"మందు ముట్టనని ఒట్టేశావు."

"ముట్టలేదు కదా. ముట్టను కూడా. నాకు సారా కంపంటేనే డోకొత్తాది." అది నిజమే, వాడి మొహంలోనే తెలిసింది. "నువ్వు రోజూ దండం పెడతావు సూడు, ఆయనే తాగుతాడట కదప్పా. మరి ఆయన్ని ఊదమనవేటి?"

నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ నవ్వు వాడు చూశాడు. ఇక వాడి ధీమా చెప్పక్కర్లేదు. "సదువుకునే ముందు ఓ దమ్ము కొడితే లెక్కలు మెదడులోకి సర్రున దిగుతాయి. మా జట్టులో అందరికీ తెలుసు. ఎప్పుడొద్దనుకుంటే అప్పుడొగ్గేత్తాను. సారా లాగ పట్టుకోదిది" అన్నాడు.

వాడి జట్టంటే మా సందు కుర్రాళ్ళే. మా ఇంటి వెనక గోడకి ఆనుకుని కూర్చునేవారు. నేను పిల్లలకి గుణింతాలు చెబుతుంటే వాళ్ళ మాటలు కిటికీలోంచి వినిపించేవి.

"బావ, మా అయ్య తాగొచ్చి మాయమ్మ పన్నూడగొట్టినాడు. నాను దీన్ని తాగితే ఎవుల్నైనా కొట్టాలనిపిత్తాదేటి?"

"నీకు కొట్టడం ఎక్కడిది? నిన్న ఈగని తోలడానికే సెయ్యి లేవలేదు."

"ఈగ కూడా బతకాల కదా, బావ."

గోడ అవతల పొట్ట చెక్కలయ్యేలా నవ్వులు. నిజం చెప్పాలంటే వాళ్ళు మంచి పిల్లలు. తండ్రులు తన్నడం, తల్లులు ఏడవడం చూస్తూ పెరిగారు. ఆ తండ్రుల్లా కాకూడదని గట్టిగా అనుకున్నారు. మేం పెద్దవాళ్ళం చెడ్డదేమిటో వాళ్ళకి ఒక్కటే నేర్పాం. సారా కానిదంతా మంచిదే అని వాళ్ళంతట వాళ్ళు నేర్చుకున్నారు. రోజూ సాయంత్రం గడప దగ్గర తల్లులు వాళ్ళని శభాషని లోపలికి పంపుతుంటే, ఇక తప్పేమిటో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

అమ్మకి చెప్పాను. పొట్లం చేతిలో పెట్టి మరీ చెప్పాను.

అమ్మ దాన్ని వాసన చూసింది. "ఇదా? సన్నాసులు తాగేది. బీడీ లాటిదే. మగోడు బీడీ కూడా కాల్సకూడదేటి?"

"బీడీ కాదమ్మా. మత్తు. రేపు రేవులో పని..."

"నోరు కంపొత్తందా?"

"లేదు."

"తూలతన్నాడా? నిన్నూ నన్నూ తన్నతన్నాడా?"

"లేదు."

"మరేటే నీ బాద?" అని నా కళ్ళలోకి చూసింది. "నాకు తెల్దనుకున్నావేటి? ఆ ఉద్యోగం మీద నీకు ఎప్పట్నుంచో కన్నుంది. ఆడు సెడిపోనాడని నలుగుర్లో పడితే, అది నీకొత్తాదని."

ఆ మాట తర్వాత నా నోరు మూతపడిపోయింది. నేను వద్దన్న ప్రతిసారీ అది ఉద్యోగం కోసమే అవుతుంది మరి. మావతో ఒక్క ముక్క అన్నా అదే అవుతుంది. దేవుడి ముందు మాత్రం చెప్పుకున్నాను. ఆయన వినే ఉంటాడు.

రెండువేల సంవత్సరం దాటాక వాడికి ఉద్యోగం వచ్చింది. అమ్మ సింహాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకుంది. మావ తన జట్టులోనే వేయించుకున్నాడు. ఓడ లోపలి గోతిలో సరుకు ఎక్కడ దించాలో క్రేను నడిపేవాడికి పైనుంచి కనబడదు. ఓడ మీద ఒక మనిషి అంచున నిలబడి చేతులతో సైగ చేస్తే దాన్ని బట్టి దించుతాడు. ఆ సైగ మనిషి తమ్ముడు. గోతిలో ఉన్నవాళ్ళ ప్రాణాలు వాడి చేతిలో ఉంటాయని మావ చెబితే అమ్మ గర్వపడింది.

రేవులో కూడా ఊదించేవారట. పని మొదలయ్యే ముందు జట్టంతా వరసగా నిలబడితే మావ ఒక్కొక్కరి నోరూ చూసేవాడు. వాసనొచ్చినవాణ్ణి ఇంటికి పంపేసేవాడు. తమ్ముణ్ణి ఎప్పుడూ పంపలేదు. పైగా, ఈడిని సూసి నేర్చుకోండిరా అనేవాడట మిగతావాళ్ళతో.

ఉద్యోగం ఖాయం కాకముందే ఆ ప్రమాదం జరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, బస్తాల వల కిందికి దిగుతోంది. ఆపమని చెయ్యెత్తాల్సిన చోట తమ్ముడు ఎత్తలేదు. ఎత్తాననే అనుకున్నాడట. ఎత్తినట్టు వాడికి స్పష్టంగా తెలుసట. కిందవాళ్ళు అరుస్తూ పక్కకి దూకారు. గోతిలోనే ఉన్న మావ ఒక కుర్రాణ్ణి లాగబోయి తను వెనకబడ్డాడు. మోకాలి కింద ఎముక నలిగిపోయింది.

ఆసుపత్రికి నేనే వెళ్ళాను, అమ్మ రాలేనంది. కాలికి పిండికట్టుతో మావ పడుకుని ఉన్నాడు. ప్రాణం పోనందుకు మంచం పక్కనే నిలబడి దండం పెట్టుకున్నాను.

"ఆడి నోరు నాను సూసినానమ్మా" అన్నాడు నన్ను చూడగానే. కళ్ళలో నీళ్ళు. "రెండుసార్లు సూసినాను. ఏ కంపూ నేదు. ఆడి జేబులో పొట్లం దొరికితే ఆపీసర్లు నన్నడిగారు, నువ్వేటి సూసినావని. నానేటి సెప్పగలను?"

వాడికి ఉద్యోగం పోయింది. ఒకసారి ఇచ్చేశారు కాబట్టి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వడం కుదరదన్నారు. ఆ మాట విని ఇంటికొచ్చాక అమ్మ నా మొహంలోకి చూడలేదు. నేనూ చూడనివ్వలేదు. అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతోంది. నాకిచ్చి ఉంటే రోజూ రేవు దాకా కుంటుకుంటూ వెళ్ళి, కాగితాలందించి వచ్చేదాన్ని. మావ రెండు కాళ్ళ మీద నడిచేవాడు.

తమ్ముడు ఇల్లు కదిలేవాడు కాదు. క్రేను తనకేసే చూస్తోందని కిటికీ మూసేసేవాడు. నవ్వు ఎటు పోయిందో తెలియదు. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. నేను బతిమాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఆకు మానేశాడు. ఎప్పుడొద్దనుకుంటే అప్పుడు మానేస్తానన్నవాడు రాత్రింబవళ్ళు చెమటలు కక్కుతూ, అన్నం సయించక, చిక్కి సగమయ్యాడు. అయినా మానేశాడు. వాడు కోలుకుంటున్నాడని నేను ఆశపడ్డాను.

తాళాలు పడిన మందు దుకాణాలు అప్పటికే మళ్ళీ తెరుచుకున్నాయి. ఓ సాయంత్రం తమ్ముడు బయటికెళ్ళి దీపాలవేళకి వచ్చాడు. ఉద్యోగం లేకపోయినా అమ్మ అలవాటు మానలేదు. గడప దగ్గర నిలబడి "ఊదు నాయనా" అంది.

వాడు వంగి ఊదాడు.

అమ్మ ఓ అడుగు వెనక్కి వేసింది. తర్వాత గడప మీద కూలబడి నుదురు బాదుకుంది. "ఓలమ్మో, నా కొడుకు పాడైపోనాడో! ఇన్నాళ్ళూ బంగారం లాగ ఉన్నోడు ఇయాల పాడైపోనాడో!" సందులో ఆడవాళ్ళంతా వచ్చేశారు. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు. "నిన్నటిదాకా ఎంత బుద్ధిగా ఉన్నోడమ్మా" అని పక్కింటి కోడలు ముక్కు చీదింది.

తమ్ముడు గోడ పట్టుకుని వాళ్ళందరి తలల మీదుగా నాకేసి చూశాడు.

"అప్పా, ఇయాలే పాడైపోనానంట. ఇన్నావా?"

విన్నాను. లోపలికెళ్ళి దీపం ముందు కూర్చున్నాను. అన్నానికి దండం పెట్టుకున్నాను, కాలికి పెట్టుకున్నాను. మూడోది పెట్టుకునే చోటికి వచ్చి ఆగిపోయాను. ఇన్నేళ్ళూ దేన్ని తలుచుకుని దండం పెట్టానో అప్పుడు ఆలోచించబుద్ధి కాలేదు. లేచి వాడికి అన్నం వడ్డించాను. అమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. కంచం ఆమె మీంచి అందించాల్సి వచ్చింది.