కత్తిరింపు ఎందుకు మారుతుంది మేడమ్?

ఈ రోజు కదిరిలో మా డిగ్రీ కాలేజీ పిల్లలకు వైరస్‌ల పాఠం చెప్పాను. జలుబు తెచ్చే ఒక వైరస్ మన కణంలో దూరి, తన జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారు చేయిస్తుంది. ఆ ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ముక్కలు కత్తిరించి మిగతావి అతికించడమే స్ప్లైసింగ్. వైరస్ తన డీఎన్‌ఏకు నకళ్లు తీయకముందు ఆ కత్తిరింపు ఒక తీరు, తీశాక ఇంకో తీరు. పాత నోట్సు చూసి ఇంతే రాయించాను.

తనకల్లు నుంచి వచ్చే లక్ష్మీదేవి లేచింది. "నకళ్లు తీయనీకుండా ఆపితే కత్తిరింపు మారదా మేడమ్? దానికీ దీనికీ ఏం సంబంధముండాది?"

"అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను.

కూర్చుంది. నాకే కుదురు పోయింది. లైబ్రరీలో రెండు పుస్తకాలు తిరగేశాను. ఆపితే మారదని ఉంది, ఎందుకన్నది మాత్రం తేల్చలేదు. సాయంత్రం బస్టాండుకు పరుగెత్తాను. తనకల్లు బస్సులో లక్ష్మీదేవి కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"ఆపితే మారదట. ఎందుకో నాకు తెలియదమ్మా. పొద్దునే ఆ మాట చెప్పాల్సింది" అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "మీకూ తెల్దా? అయితే ఇంగా కనుక్కునేది మిగిలుండాది మేడమ్!"

బస్సు కదిలింది. నేనింకా కుదుటపడలేదు. నా పాత విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే, మిమ్మల్ని ఏ ప్రశ్న దగ్గర కూర్చోబెట్టేశానో కింద రాయండి.