అత్తయ్య వదిలేసే డొల్ల బిస్కెట్లు

మా అత్తయ్య బిస్కెట్ తినే తీరు చూస్తే కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. క్రీమ్ బిస్కెట్‌ని రెండుగా విడదీసి, మధ్యలో క్రీమంతా పళ్ళతో గీకి తినేసి, ఆ బోడి ముక్కలు రెండూ నా చేతిలో పెట్టేది. "ఇంద అమ్మాయ్, తిను." ఎంగిలేంటండీ అని గొంతుదాకా వచ్చేది. కాపురానికి కొత్త కదా, నోరు మూసుకుని తినేదాన్ని. తర్వాత ఎప్పుడు అలవాటైపోయిందో నాకే తెలీదు.

ఈ ఏడు మిరప కోతల ముందు అత్తయ్యకి జ్వరం పట్టుకుంది. పది రోజులకి జ్వరమైతే తగ్గింది గానీ నోరు చచ్చిపోయింది. జ్వరంలో కారం పెట్టొద్దని గుంటూరు డాక్టరు గారు చెప్పిన మాట పట్టుకుని, మేం ఆ తర్వాత కూడా గంజి, ఇడ్లీ, పెరుగన్నం, అంతే. ఏది పెట్టినా "మట్టి తింటన్నట్టుందే" అని రెండు ముద్దలకే కంచం పక్కకి నెట్టేసేది. జాకెట్లన్నీ వదులైపోయాయి. చివరిసారి చూపించినప్పుడు డాక్టరు గారు, "ఇలాగే తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందమ్మా" అన్నారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"గొట్టం మాత్రం వద్దే."

పెద్దవాడు నా కడుపులో ఉన్నప్పుడు మంచినీళ్ళు తాగినా వాంతే. మా అమ్మ అప్పటికే లేదు. ఈవిడే గిన్నె పట్టుకుని ఇల్లంతా నా వెనకాల తిరిగింది. తిన్నది తిన్నట్టు బయటికొచ్చేస్తే, నేల తుడిచి, చేతులు కడుక్కుని, మళ్ళీ అన్నం కలుపుకొచ్చేది. ఒక్కనాడు విసుక్కోలేదు. నేనే ఏడ్చి, అరిచి, గిన్నె విసిరేశాను కూడా. అలాంటి మనిషి తిండి మానేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా?

క్రీమ్ అంటే ప్రాణం కదా అని, ఇంట్లోనే కస్టర్డ్ పెట్టి బిస్కెట్లు చేద్దామనుకున్నాను. పాలు, గుడ్డు, కస్టర్డ్ పొడి, కాస్త నెయ్యి. ఒక్కటి తిన్నా ఒంటికి బలమే. ఫ్రిజ్ మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న ఓవెన్‌ని కిందికి దించాను. ఫోన్లో చూసి చేసిన మొదటి వాయి నా పరువు తీసింది. కస్టర్డంతా బయటికి పొంగి, ట్రేకి అతుక్కుపోయింది. మా ఆయన వచ్చి తొంగి చూసి, "ఏంటిది, అట్లా?" అన్నాడు. అట్లకాడ చూపించాను. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు కస్టర్డ్ గట్టిగా ఉడికించి, చెంచాతో చిన్న చిన్న ముద్దలు పెట్టి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించాను. మైదా జల్లించి, వెన్న, పంచదార పొడి వేసి కలిపి, ఒక్కో ముద్ద చుట్టూ పిండి మూసేశాను. పూర్ణం బూరెలు చేసిన చేతులకి ఆ మాత్రం రాదా? ఈసారి ఒక్కటీ పగల్లేదు. గుండ్రంగా, అంచుల్లో ఎర్రగా వేగి, ఎంత ముద్దొచ్చాయో! మా ఆయన చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీదే ఒక్కటిచ్చాను. ముందు అత్తయ్య తినాలి.

ఆవిడ కొరికింది. నమలడం ఆపేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏం పిల్లా, ఇందులో కారం వేశావా?"

"అయ్యో, బిస్కెట్లలో కారమేంటి అత్తయ్యా! ఒట్టు!"

"ఒట్టు కాదు, గట్టు కాదు. పిండి దేంతో జల్లించావు?"

అప్పుడు వెలిగింది. ఆ వారమే ఏడాదికి సరిపడా కారం ఆడించుకొచ్చి, అదే జల్లెడతో జల్లించి, దులిపి మేకుకి తగిలించాను. ఆ రోజుల్లో మా వీధిలో ఏ డాబా చూసినా మిరపకాయలే, గాలంతా ఘాటే. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. జల్లెడ సందుల్లో ఎంత కారం ఇరుక్కుందో చూసుకుంటేగా!

"బుద్ధుండక్కర్లా? కారం జల్లెడ కడక్కుండా మైదా పోస్తారటే? ఇన్నేళ్ళు కాపురం చేశావు, ఏం నేర్చుకున్నావే?" అంటూ అందుకుంది. వీధిలోకి వినబడేంత గొంతు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఆ గొంతు నేను వినలేదు. తిట్లు తింటూ నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, రెండూ కలిపి. ఆ గొంతు విని మా ఆయన గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యా, మీకు కారం తెలిసింది!"

ఆవిడ టక్కున ఆగింది. నాలుక పెదాల మీద తిప్పుకుంది. చేతిలో సగం కొరికిన బిస్కెట్ వంక అనుమానంగా చూసింది. మళ్ళీ కొరికింది. "అవునే" అంది, ఈసారి మెల్లగా. "చుర్రుమంటంది. లోపల తియ్యగా కూడా ఉన్నట్టుందే."

సాయంత్రమే డాక్టరు గారికి ఫోన్ చేశాం. కొంచెం కారం పెట్టమన్నారు, తింటే అదే చాలన్నారు. ఆ రాత్రి పండుమిరపకాయ పచ్చడి వేలితో ఇంత నాలిక్కి రాస్తూ, అన్నంలో నెయ్యి వేసి కలిపి, ఆరు ముద్దలు పెట్టాను. గొట్టం మాట మళ్ళీ రాలేదు. ఏ దేవుడు నన్ను ఆ జల్లెడ కడగనివ్వలేదో, ఆయనకి వెయ్యి దండాలు.

కానీ నేను మర్చిపోలేనిది అంతకు ముందు సంగతి. డాక్టరు గారికి ఫోన్ చెయ్యడానికి నేను లేవబోతుంటే అత్తయ్య కొంగు పట్టుకుని ఆపింది. ప్లేట్లోంచి రెండో బిస్కెట్ తీసుకుంది. మధ్యకి విరిచి, లోపలి కస్టర్డంతా గీకి తినేసి, డొల్ల ముక్కలు రెండూ నా చేతిలో పెట్టింది.

"ఇంద అమ్మాయ్, తిను."

తిన్నాను. కారంగానే ఉన్నాయి.