రెండు పట్టర్ల మనిషి

ఈరోజు ఆదివారం. మా వియ్యంకుడు మంగళవారం తెల్లవారుజామున ఎల్‌బీ నగర్‌లో, ఆసుపత్రిలో పోయారు. కుక్కలు కరిచిన కాలికి చీము పట్టింది. షుగర్ వల్ల గాయం మానలేదు. చివరికి విషం ఒళ్లంతా పాకింది. దినాలు కాకముందే కాగితం ముందేసుకోవడానికి కారణం మా మనవరాలు. ఎడమ భుజం మీద కట్టు ఇంకా విప్పలేదు, అప్పుడే తన ఆటసంచీలో తొమ్మిది పట్టర్లు కుక్కుకుంది. అవి ఎందుకో నాకు తెలుసు. ఆ సంగతి తేల్చకపోతే ఆ పిల్ల వాటిని జీవితాంతం మోస్తుంది.

ఆట తెలియనివారికి చెబుతాను. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి ప్లాస్టిక్ డిస్కులు విసరాలి. దూరానికి విసిరే డిస్కుల అంచు పదునుగా ఉంటుంది. బుట్ట దగ్గరికొచ్చాక వాడే మొద్దు అంచు డిస్కు పేరు పట్టర్. అవి ఎన్ని వెంట తెచ్చుకోవాలన్న దాని మీద మా అబ్దుల్లాపూర్‌మెట్ మైదానంలో జరిగినన్ని తగాదాలు దిల్‌సుఖ్‌నగర్ కూరగాయల బజారులో కూడా జరగవు. వాటిలో సగం మా వియ్యంకుడివే.

ఆయన వయసులో కుస్తీ పట్టినవారు. నేను ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసింది మా అమ్మాయి పెళ్లి భోజనాల్లో. సొంత తమ్ముణ్ణి కాలర్ పట్టుకుని పందిరి గుంజకేసి కొడుతున్నారు. డప్పులు వాయించిన వాళ్లను బంతిలోంచి లేపేశాడని కోపం. "వాళ్లు తినకుంట నువ్వెట్ల తింటవ్‌రా?" అని అరుస్తుంటే తమ్ముడి ముక్కులోంచి కారిన రక్తం తెల్ల చొక్కా మీద పడుతోంది. ఇలాంటి ఇంటికా పిల్లనిచ్చాను అనుకున్నాను. కాసేపటికి అదే చేత్తో నా విస్తట్లో పాయసం వడ్డిస్తూ, "పరేషాన్ గాకు చెల్లె. ఆడు నా తమ్ముడు, రేపు మళ్ల మాట్లాడుతడు," అన్నారు. నిజంగానే మర్నాడు ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు.

ఉద్యోగం అయిపోయాక మనవరాలి వెంట మైదానానికి వెళ్లడం మొదలుపెట్టారు. నేను గొడుగు వేసుకుని స్కోరు రాసేదాన్ని. ఆయన విసిరితే గొలుసులు అదిరిపోయి డిస్కు ఎగిరి బయట పడేది. బుట్టను తిట్టి, గుద్ది, మళ్లీ విసిరేవారు. పిడికిలి తోలు లేచినా కట్టు కట్టించుకునేవారు కాదు. ఒకసారి ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గాలికొకటి, ఎండకొకటి, ఎత్తుకొకటి అంటూ పది పట్టర్లు తెచ్చాడు. మా వియ్యంకుడు ఆ సంచీని అతని భుజం మీది నుంచి లాగి నేల మీద బోర్లించారు.

"గివన్ని ఏంది బిడ్డా? పెండ్లి భోజనాలకు పళ్లాలు తెచ్చినవా?"

"అంకుల్, గాలి మారుతుంది కదా!"

"గాలి మారితే చెయ్యి మార్చు. డిస్కు ఎందుకు మారుస్తవ్?"

ఆయన లెక్క రెండు. రెండూ ఒకే బరువు, ఒకే రకం. "ఒకటి మనది, ఇంకోటి దాని తమ్ముడు. ఒకటి చెట్టెక్కితే తమ్ముడొస్తడు. మూడోది పెట్టుకున్నవంటే నీ చెయ్యి మీద నీకే అనుమానం ఉన్నట్టు." మనవరాలు కూడా తాత మాట ప్రకారం రెండే పెట్టుకునేది.

ఆ మైదానం వెనక గోడ దగ్గర రాత్రిళ్లు ఎవరో కోడి వ్యర్థాలు పారబోస్తారు. వాటి రుచి మరిగిన కుక్కలు అక్కడే తిరుగుతాయి. ఒక సెలవు రోజు పొద్దున మనవరాలు చివరి బుట్ట వెనక డిస్కు తీసుకోవడానికి వంగింది. గుంపు ఒక్కసారిగా వచ్చి పడింది. ఆయన చేతిలో రెండు పట్టర్లు ఉన్నాయి. మొదటిది ముందున్న కుక్క మూతి పగిలేలా తగిలింది. రెండోది ఇంకోదాని డొక్కకు తగిలింది. ఈలోగా ఎర్ర కుక్క ఒకటి పిల్ల భుజాన్ని నోట కరిచి కింద పడేసింది. ఆయన సంచీ విసిరికొట్టి పరుగెత్తారు. ఎర్ర కుక్కను వెనక కాళ్లు పట్టి పైకి లేపి నేలకేసి బాదారు. మరొకటి ఆయన పిక్క పట్టుకుని వేలాడుతోంది. దాని మెడ మీద మోకాలు మోపి, దవడల్లోకి వేళ్లు దోపి విడదీశారు. ఆ దవడ విరిగిన చప్పుడు నాకు గొడుగు దాకా వినిపించింది. జనం కర్రలతో వచ్చేసరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పిల్లను పొట్ట కింద దాచుకుని, నెత్తురు కారుతున్న చేతులు చాచి కుక్కల్ని బూతులు తిడుతున్నారు.

మనవరాలు రెండు దెబ్బల చప్పుడు విన్నది, బోర్లా పడ్డాక మూడో దెబ్బ వినలేదు. అందుకే ఈ తొమ్మిది. ఈరోజు డాబా మీద అడిగితే నోరు విప్పింది.

"తాత దగ్గర ఇంకో నాలుగుంటే దూరం నుంచే ఆపేటోడు అమ్మమ్మా. రెండే ఉండబట్టి సచ్చిపోయిండు."

"ఆయన విసిరికొట్టిన సంచీలో దూరానికి విసిరే డిస్కులు నాలుగున్నాయి. పట్టర్ కంటే గట్టివి. నేను చూశాను."

"మరెందుకు కొట్టలే?"

"అదే నేను ఆసుపత్రిలో అడిగాను. 'కుక్క పిల్ల మీద ఉన్నది చెల్లె. ఇసిరితే తాకేదెవ్వరికి? జర గురి తప్పితే పిల్ల తల పగుల్తది. అప్పుడు చేతులే పనికొస్తయి' అన్నారు."

"అబద్ధం. నన్ను ఊరడించనీకి చెప్తున్నవ్."

"నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఊరడించడానికి ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ వెయ్యలేదు. నీకెందుకు వేస్తాను?"

పిల్ల లేచి నిలబడింది. సంచీలోంచి ఒక పట్టర్ తీసి నీళ్ల ట్యాంకుకేసి కొట్టింది. తర్వాత ఇంకొకటి. కుక్కలను ఆయన తిట్టిన తిట్లే తిడుతూ, ఏడుస్తూ కొట్టింది. చిన్నప్పటి నుంచి నా ముందు ఒక్క పాడు మాట ఆడని పిల్ల. నేను ఆపలేదు. కింద వాటా ఆవిడ మెట్ల దాకా వచ్చి కేకేసింది.

"ఏందమ్మా గా సప్పుడు? ట్యాంకు పలుగుతది!"

"పలిగితే నేను కొంటాను. మీరు లోపలికి వెళ్లండి."

ఏడు విసిరాక చెయ్యి ఆగింది. సంచీలో చెయ్యి పెట్టి, ఉన్నవాటిని తడిమి, జిప్పు వేసుకుంది.

ఇక జరగాల్సినవి ఇవి.

1. సంచీలో రెండే ఉంటాయి. మూడోది కనబడితే నేనే తీసేస్తాను.

2. రేపు పొద్దున కోడి వ్యర్థాల గురించి మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇస్తాను. మైదానంలో ఆడేవాళ్లందరూ నాతో రావాలి. సెలవు దొరకలేదన్న మాట వినను.

3. మనవరాలికి కుక్కకాటుకు మిగిలిన సూది బుధవారం. ఒక్క రోజు కూడా వెనక్కి జరగకూడదు.

4. దినాలయ్యాక, వచ్చే ఆదివారం, మేమిద్దరం మైదానానికి వెళతాం. ఆ ఎర్ర కుక్క చావలేదట, మూడు కాళ్ల మీద కుంటుతూ బుట్టల మధ్యే తిరుగుతోందట. అది ఎదురైతే పిల్ల పరుగెత్తకూడదు, వీపు చూపకూడదు. పట్టర్ చేతిలో పట్టుకుని, అది ముందుగా తల దించి పక్కకు తప్పుకునేదాకా, అడుగు కదపకుండా నిలబడాలి.