తాత తెచ్చిన పొణికి మొక్క

నానబెట్టిన చింతగింజలు రుబ్బి, అందులో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తుంటే, ఆ పచ్చి వాసనకి ఇవాళ్టికీ నాకు కొండపల్లి ఎండాకాలాలు ముంచుకొస్తాయి. బొమ్మలకి చేతులూ తొండాలూ అతికించేది ఈ మక్కుతోనే.

మాదో వింత ఊరు. వెనక రాళ్ల కొండ, ముందు రైలుకట్ట, ఓ పక్క థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. కాస్త దూరం పోతే కృష్ణా కాలవలూ పచ్చటి వరిచేలూ. మాకు అన్నం పెట్టింది మాత్రం ఆ రాళ్ల మధ్య పెరిగే తెల్ల పొణికి చెట్టే. బెండులా తేలికైన కర్ర. తాత కొండెక్కి తెచ్చి సన్నటి సెగ మీద ఆరబెడుతుంటే, పిల్లలం చుట్టూ కూచుని తాటిముంజలు తింటూ, ఒళ్లంతా పొట్టు పూసుకుని తిట్లు కూడా తినేవాళ్లం.

ఒక ఏడు తాతకి మోకాళ్లు పట్టేశాయి. ఇక కొండెక్కలేనని తెలిసి, ఆఖరిసారి దిగొస్తూ ఓ పొణికి మొక్కని మట్టిపెళ్లతో సహా పట్టుకొచ్చి పెరట్లో నాటాడు. మొండిమనిషి, బొమ్మకి కర్ర తన పెరట్లోనే ఉండాలని పట్టు. “నీళ్లు పొయ్యమాకండర్రా! కొండ మీద దీనికెవడు పోశాడు?” అని అందరికీ మరీమరీ చెప్పాడు.

చెబితే వినే కొంపా మాది! అమ్మది గుడివాడ వైపు కాలవగట్టు ఊరు. నీళ్లు పోస్తే చచ్చే మొక్క ఉంటుందంటే ఆవిడ చచ్చినా నమ్మదు. తాత కునుకు తీయగానే బియ్యం కడిగిన నీళ్లు పోసేది. “పాపం, నోరులేనిది” అంటూ నాయనమ్మ ఓ చెంబు. ముంజలు తిన్న చేతులు కడుక్కునే వంకన నేనింకో చెంబు. ఎవరికి వాళ్లం దొంగచాటుగానే. తొలకరి పడకముందే ఆకులు వాలిపోయాయి.

తాత పీకి చూస్తే వేళ్లు కుళ్లిపోయి ఉన్నాయి. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. అరుగు మీద కూలబడి, “కొండ మీదే వదిలేసుంటే బతికేది గదే,” అన్నాడు నాయనమ్మతో. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ వేలెడు కాండాన్ని మాత్రం ఆయన పారేయలేదు. సెగ మీద ఆరబెట్టి, వడ్లు దంచే అమ్మాయి బొమ్మకి రెండు చేతులు చెక్కాడు.

“మామయ్యగారూ, ఇదొక్కటీ మనింట్లో ఉంచుకుందామండీ,” అంది అమ్మ.

“ఇంట్లో దాచుకుంటే మనం బొమ్మలోళ్లం ఎట్టా అవుతామమ్మా?” అని దాన్ని కూడా అమ్మకానికి పోయే గంపలో సర్దేశాడు.

ఇప్పుడు కర్ర ఎక్కడెక్కడి నుంచో ఆటోలో వస్తుంది. ఏ కొండదని అడిగితే తెచ్చినవాడికీ తెలియదు. మా ఇంట్లో కొండెక్కే మనిషే లేడు. బొమ్మల కొలువుకి ఎవరింటికి వెళ్లినా, నేను ముందు వడ్లు దంచే బొమ్మ చేతులే చూస్తాను. రంగు వేశాక ఏ కర్రయినా ఒక్కలాగే ఉంటుంది. అది మా తాత చెట్టో కాదో చెప్పలేను.