అనసూయమ్మ గిర్నీ, కారం సున్నుండలు

సీతాఫల్‌మండిలో మా గల్లీకి ఒక పిండి గిర్నీ ఉంది. దానికో రాజ్యాంగమూ ఉంది. ముందు గోధుమలు, తర్వాత జొన్నలు, అన్నిటికన్నా చివర మిరపకాయలు. ఆపైన గుప్పెడు నూకలు పోసి మిషన్ కడగాలి. ఈ వరస తప్పితే ఎవరింటి రొట్టెకో కారమెక్కుతుంది. రాజ్యాంగాన్ని నడిపేది అనసూయమ్మ. అరవై దాటిన మనిషి. ముక్కుపుడక మీద కూడా పిండే.

ఇంకో నియమం జనం పెట్టుకున్నది. డబ్బా తెచ్చినవాళ్ళు పిండి అయ్యేదాకా దాని పక్కనే నిలబడాలి. పిల్లల్నయినా బడిలో వదిలేసి వస్తారు గాని, గోధుమల డబ్బాను గిర్నీలో వదలరు. తమ గోధుమలు మేలిరకం, పక్కింటివి పుచ్చువి అని గల్లీలో ప్రతి ఇంటికీ గట్టి నమ్మకం.

నిలబడాలంటే తీరిక కావాలి. ఆ తీరిక సాయంత్రమే దొరుకుతుంది. సరిగ్గా ఆ వేళకే ఏసీలు, కూలర్లు, టీవీలు, బ్యాటరీ స్కూటర్ల చార్జర్లు ఒక్కసారిగా మేలుకుంటాయి. వాటి మీద గిర్నీ మోటారు కూడా అందుకునేసరికి గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు టప్పుమనేది. చీకట్లో అందరి నోటా ఒకటే పేరు: అనసూయమ్మ.

ఏసీ తలుపులు మూసుకుని కరెంటు తింటుంది. గిర్నీ నలుగురి మధ్యా మోగుతుంది. మన దగ్గర నేరం ఎప్పుడూ మోగేవాళ్ళ మీదే పడుతుంది.

గల్లీ అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావు తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ఒకరోజు గిర్నీ ముందు నిలబడి తేల్చేశాడు.

"చూడండి అనసూయమ్మగారూ, నెలాఖరు మీటింగు దాకా ఆగుతాం. అప్పటికీ ఫ్యూజులు పోతుంటే మీ మర ఇక్కణ్ణుంచి ఎత్తెయ్యాల్సిందే. కాప్రా వైపు షెడ్లున్నాయిగా, అక్కడ పెట్టుకోండి."

"కాప్రాకు డబ్బా మోస్కొని మీరొస్తరా సారు?"

"అది తర్వాత సంగతి."

తర్వాత సంగతి ఆయనకు. అనసూయమ్మకు ఈ గల్లీ పోతే గిర్నీ పోయినట్టే.

ఫ్యూజు వెయ్యడానికి వచ్చే లైన్‌మన్ ఆషర్ ఆ రాత్రి చెమట తుడుచుకుంటూ చెప్పాడు. "పెద్దమ్మా, నీ మోటర్ ఒక్కటే గాదు. అందరొక్కసారే మీద పడ్తున్రు. పగటీలి ఎండకు సోలార్ కరెంట్ మస్తుగొస్తది, గల్లీల వాడేటోడు లేడు. జెర నువ్వన్న పగటికి జరుగు. నా మోకాళ్ళు సుత బతుకుతయి."

పెద్ద ఫ్యాక్టరీలు వేళ మార్చుకుంటే వాటికి రేటులో తగ్గింపు దొరుకుతుంది. గిర్నీ వేళ మార్చుకుంటే ఏం దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. అయినా అనసూయమ్మ మర్నాటినుంచే షురూ చేసింది. "పొద్దుగాల డబ్బా పెట్టిపోండ్రి, పొద్దుమీకి పిండి తీస్కపోండ్రి."

అందరూ తలలూపారు. ఎవరూ పెట్టలేదు.

"ఏందీ, నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, గట్లెందుకుంటది అక్కా!" అంటూ డబ్బాను ఇంకాస్త గట్టిగా కావలించుకున్నారు.

అప్పుడు అనసూయమ్మ రాజ్యాంగాన్ని సవరించింది. తన దగ్గరున్న మిరపకాయలన్నీ పొద్దుగూకకముందే పట్టేసింది. నూకలతో కడగడం మర్నాడు పొద్దుటికి వాయిదా వేసింది. ఇక సాయంత్రం మిషన్ కడుపునిండా కారమే.

ఆ సాయంత్రమే రామ్మోహనరావు వేయించిన మినుములు పట్టుకొచ్చాడు. కమిటీ సభ్యులు ఇంటికొస్తున్నారట, సున్నుండలు కావాలి.

"ఇప్పుడే మిరపకాయ పట్టిన సారు. పెట్టిపోండ్రి, రేపు పొద్దుగాల మొదటి వంతు మీదే."

"మీ సాకులు నాకు తెలుసు. పట్టండి. నేనిక్కడే నిలబడతా."

నిలబడ్డాడు. తుమ్మాడు. తుమ్ముతూనే పిండి తీసుకెళ్ళాడు. ఆయన భార్య కామేశ్వరమ్మ పిండి ఎర్రగా ఉంటే మినుములు ఎక్కువ వేగాయనుకుంది. దేవుడికి పెట్టకుండా ఏదీ రుచి చూడని మనిషి. దేవుడు నోరు విప్పలేదు. కమిటీ సభ్యులు విప్పారు, మళ్ళీ మూసుకోలేకపోయారు. గిర్నీ సంగతి మాట్లాడదామని వచ్చినవాళ్ళు మంచినీళ్ళ సంగతి మాత్రమే మాట్లాడి వెళ్ళారు.

ఆ కబురు గల్లీ అంతా తిరిగింది. మర్నాటినుంచి డబ్బాలు పొద్దున్నే వచ్చి, గిర్నీ గడపలో బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. మోటారు మధ్యాహ్నం మోగి, పొద్దుగూకేసరికి ఆగిపోయేది. ఫ్యూజు పోవడమూ తగ్గింది.

నెలాఖరు వచ్చింది. రామ్మోహనరావు ఇంట్లో మీటింగుకు కుర్చీలు వేశారో లేదో, టప్! చీకటి. ఆయన సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, సభ్యుల్ని వెంటేసుకుని గిర్నీ మీదికి దండెత్తాడు.

అనసూయమ్మ చీకట్లో విసనకర్రతో విసురుకుంటోంది. "చెయ్యి పెట్టి చూడుండ్రి సారు."

ఆయన మోటారు మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. వెనక ఒక సభ్యుడు తుమ్మాడు.

ఇంతలో ఆషర్ స్తంభం మీదినుంచి కేకేశాడు. "ప్రెసిడెంట్ సార్! మీ ఇంటికి పోయే వైరే కాలి గల్లీ ఫ్యూజు పోయింది. ఏమేం పెట్టిన్రు లోపల?"

జవాబు సభ్యుల వెనకే వచ్చిన కామేశ్వరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. "సభ్యులొస్తున్నారని రెండు ఏసీలూ వేశారు బాబూ. పచ్చడికి గ్రైండరు నేను వేశా. స్కూటరు చార్జింగు సరేసరి."

"గట్లయితే సారు," అంది అనసూయమ్మ, "మీ ఇల్లు సుత కాప్రాకు పంపుదమా?"

చీకట్లో ఎవరు నవ్వారో తెలియదు. అందరూ నవ్వినట్టే వినిపించింది. ఆ రాత్రి మీటింగు జరగలేదు. తర్వాతి మీటింగుల్లో కుక్కల గురించి, డ్రైనేజీ గురించి మాట్లాడారు గాని, గిర్నీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున కామేశ్వరమ్మ మినుముల డబ్బా తెచ్చి వరసలో పెట్టి, పక్కన నిలబడకుండా వెనక్కి తిరిగింది.

"వదినా, సారు స్కూటర్ చార్జింగ్ ఎప్పుడు పెడ్తున్నరిప్పుడు?" అనసూయమ్మ అడిగింది.

"మధ్యాహ్నం భోజనం కాగానే. సాయంత్రం పెట్టారంటే మినుములు కూడా సాయంత్రమే పట్టిస్తానన్నా!"