ఉప్పునీళ్ల సీసా

సారు పోయారన్న కబురు ఎల్లారెడ్డి నుంచి వచ్చేసరికి నేను హైదరాబాదులో ల్యాబులో ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. నా అబద్ధం ఆయనకు తెలిసిపోయి ఉంటుందా అని. నన్ను చూసి నాకే రోత పుట్టింది.

సారు ఎల్లారెడ్డిలో మాకు ఇంటర్ కెమిస్ట్రీ చెప్పారు. నాగిరెడ్డిపేట నుంచి బస్సులో వెళ్లేదాన్ని. ఆలస్యమైనా తిట్టేవారు కాదు, "కూసో, బోర్డు మీదిది రాస్కో" అనేవారు. వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. విత్తనం వడ్లను ఉప్పునీళ్లలో పోసి, పైకి తేలిన తాలును పారబోసినట్టే ప్రతిదాన్నీ పరీక్షించాలనేవారు. తుప్పు పట్టదని అమ్మిన మేకైనా, చెరిగిపోదన్న సిరా అయినా ముందు ఆయన కిటికీలోని ఉప్పునీళ్ల సీసాలో పడాల్సిందే.

"ఒడ్డు మీద అందరు ఈతగాళ్లే బిడ్డా. నీళ్లల్ల దిగితెనే తెలుస్తది" అనేవారు.

ఇప్పుడు నేను చేసే పని, వెలుగు పడితే కరెంటు పుట్టించే పల్చని ప్లాస్టిక్ పొర తయారీ. చూపు పోయిన కంట్లో రెటీనా కింద పెడితే అది నరాలకు వెలుగు కబురు అందిస్తుందని ఆశ. సారుకు రెటీనా పాడై చూపు పోయాక, ఆ పొర ముక్క ఒకటి తీసుకుని వెళ్లాను. వేళ్లతో తడిమి చూశారు.

"దీని మీద కణాలు సచ్చినయా?"

"లేదు సార్, మంచిగనే బతికినయి."

"ఎన్ని రోజులు జూసినవ్?"

"మూడు రోజులు సార్."

"మనిషి కండ్లు మూడు రోజులకేనా?"

నవ్వి, ముక్కను సీసాలో వేయించారు. "నిలిస్తె ఫస్టు నా కంట్లనే వెట్టించుకుంట" అన్నారు. తడిలో అది నిలవదని నాకు అప్పటికే తెలుసు. కరెంటు పరీక్షలు మాత్రం తేమ లేని పెట్టెలో చేసి, ఆ ఫలితాలే లోకానికి చెప్పాం. పేపర్లో నా ఫొటో పడింది. ఆ సంగతి సారుకు చెప్పకుండానే వచ్చేశాను.

కామారెడ్డిలో సంతాప సభ పెట్టారు. వెనక ఫ్లెక్సీలో సారు ఫొటో మూలన అరచేతంత, నాది నిలువెత్తు. కింద "చీకటి కండ్లకు వెలుగు తెచ్చిన మన బిడ్డ" అని రాత. పోయిన మనిషిని పక్కన పెట్టి వచ్చినవాళ్లంతా నన్నే పొగిడారు. అయినా వంగి శాలువా కప్పించుకున్నాను. ఛీ!

పక్కనే కూర్చున్న సారు భార్య కొంగు చాటు నుంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది.

"నీ ముక్క అయిదోనాడే పొట్టు లెక్క లేసొచ్చి తునకలైంది బిడ్డా. రోజు పొద్దుగాల 'ఉన్నదా' అని అడుగుతుండె. నాకు పానం ఒప్పక 'ఉన్నది' అన్న. పొయ్యేనాడు గూడ గదే అన్న."

ఎవరి అబద్ధాన్నీ సహించని మనిషిని ఇద్దరం కలిసి మోసం చేశాం. ఆమె చేసింది ప్రేమకొద్దీ. నాకు ఆ సాకు కూడా లేదు.

మైకు నా చేతికిచ్చారు. ఆ పొర నీళ్లలో నిలవదని, ఇప్పటికి ఎవరి కంటికీ పనికిరాదని, తెలిసీ దాచానని చెప్పాను. ఎవరో అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. సీసాను బల్ల మీద దండ వేసి ఉన్న సారు ఫొటో ముందు పెట్టాను. నీళ్ల మీద ముక్కలు తాలులా తేలుతున్నాయి.