మా తాత దొంగ కాదు

మా తాత పోయిన వారం, పొద్దున చాయ్ తాగుతూ తాగుతూనే పోయాడు. సిరోంచలో చాలామందికి ఆయన మిలిట్రీ తాత. కొందరికి మాత్రం టేకు దొంగ. ఆ కొందరి కోసమే ఇది రాస్తున్నాను.

కూలి కుటుంబంలో పుట్టి, పదిహేడేళ్లు ఫౌజ్‌లో బండి నడిపాడు. మంచు కొండల సంగతి అడిగితే ఒకటే ముచ్చట: "కాళ్లు కొయ్యబారేటియి బిడ్డా. అయినా బండి ఆగద్దు."

తిరిగొచ్చాక కలప డిపోలో కాపలా పని దొరికింది. గేటు దాటే ప్రతి దుంగ కొసనా సుత్తితో కొట్టిన సర్కారు ముద్ర ఉండాలి. తాత కళ్లతో చూసి వదిలేవాడు కాదు, వేలితో తడిమేవాడు. ముద్ర లేని దుంగలున్నాయని ఒకసారి ఒక కాంట్రాక్టర్ లారీని ఆపాడు. వారం తిరగకుండా మా ఇంటి వెనక గడ్డివాము చాటున రెండు టేకు దుంగలు అటవీ శాఖ వాళ్లకు దొరికాయి. ఉద్యోగం పోయింది.

తర్వాత వడ్ల బస్తాలు మోశాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో వెళ్లి, అది విప్పి మేకుకు తగిలించి మరీ మోసేవాడు. చాలా ఏళ్లకు ఆ లారీ డ్రైవర్ మా ఇంటికొచ్చి కాళ్ల మీద పడ్డాడు. "కాంట్రాక్టర్ పెట్టుమంటే నేనే పెట్టిన తాతా" అని ఏడ్చాడు.

తాత అతన్ని లేపి మంచినీళ్లిచ్చాడు. "నువ్వు చెప్తే ఏమొస్తది? పెట్టిచ్చినోడు నలుగురి ముంగట చెప్పాలె" అన్నాడు. ఆ మాట కోసం చివరిదాకా ఎదురుచూశాడు. ఆయన ఓపిక నాకు రాలేదు. నేను ఆ కాంట్రాక్టర్‌ను క్షమించను, క్షమించే ఉద్దేశమూ లేదు.

ప్రాణహిత ఒడ్డున తాతను గుంతలోకి దించే వేళకు వాడు తెల్ల లాల్చీలో వచ్చాడు. మా ఆచారంలో, వచ్చినవాళ్లంతా తలా పిడికెడు మట్టి వేస్తారు, ఎవరినీ వద్దనరు. వాడూ వంగి పిడికెడు తీశాడు. నేను నోరు తెరిచేలోపే నానమ్మ లేచి అడ్డంగా నిలబడింది.

"ఆగు సేటూ. మా ఇంటెనక దుంగలు ఎవ్వరు పెట్టిచ్చిండ్రో చెప్పు. చెప్పినంక ఎయ్యి."

"గిప్పుడెందుకమ్మా గవన్నీ..."

"గిప్పుడే. గాయిన గూడ ఇంటడు" అంది గుంత వైపు చూపిస్తూ.

అందరూ వాడివైపే చూశారు. వాడు పిడికిలి బిగించాడు. ఆ మట్టిని వేయడానికి లేదు, మా ఎదుట పారేయడానికీ లేదు. నాకు ప్రాణం హాయిగా ఉండింది, దాచుకోను. వాడు వెనక్కి తిరిగి ఇసుకలో కారు దాకా నడిచాడు. పిడికిలి విప్పకుండానే, ఎడమ చేత్తో తలుపు తీసుకున్నాడు.